ఇరవై ఐదుకూ నాలుగుకూ పెళ్ళి

షిగోవ్ పల్లె బడి
మార్చి 6, 1996

వదినా,

పండగకి మీ ఇంట్లో పీకలదాకా తిని వచ్చి ఇన్నాళ్ళు కాలేదు, అప్పుడే ఉత్తరమేమిటని విస్తుపోకు. నాకు కంటి మీద కునుకు లేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను.

నిన్న హొంగ్‌తాన్ మండల బడిలో మీటింగు జరిగింది. హెడ్మాస్టరు కోవ్ గారు కాగితం చదివారు. జూన్ చివర జిల్లా అంతటికీ ఒకే లెక్కల పరీక్ష పెడతారట. ఏ పల్లె బడిలో నాలుగో తరగతి సగటు అరవై దాటదో, ఆ తరగతిని సెప్టెంబరు నుంచి ఎత్తేసి హొంగ్‌తాన్‌లో కలిపేస్తారట. పిల్లలు అక్కడే హాస్టల్లో ఉండాలి. రోజూ రెండు వాగులు దాటి పదకొండు కిలోమీటర్లు ఎవరు నడుస్తారు?

మగపిల్లలు వెళ్తారులే. నా భయమంతా ముగ్గురు ఆడపిల్లల గురించి. తరగతి పోతే మా పిల్ల కూడా ఇంట్లోనే అని ముగ్గురి తండ్రులూ అప్పుడే తేల్చి చెప్పారు. అందులో శింగ్‌హ్వా అనే పిల్ల ఉంది, నీకు చెప్పాను కదా, చలికి చేతులు పగిలి నెత్తురు కారుతున్నా సుద్దముక్క వదలదు. దాని తండ్రి బావ్ దేషాన్ నా ముందే అన్నాడు: "దుంపలు తవ్వుకునేదానికి దశాంశాలెందుకు టీచరమ్మా?"

ఇక లెక్కల సంగతి. విడివిడిగా అన్నీ వచ్చు. కూడిక, తీసివేత, ఎక్కాలు, భాగహారం, దేనికీ భయపడరు. నాలుగూ కలిపి ఒక వరసలో ఇచ్చానా, అంతే సంగతులు. నూడుల్స్ జుర్రినట్టు ఎడమ నుంచి కుడికి జుర్రుకుంటూ పోతారు. 36 + 4 × 5 ఎంతరా అంటే తరగతి మొత్తం రెండు వందలు అంటుంది. ఒక్కడికైనా యాభై ఆరు రాదు.

నువ్వు పట్నంలో పదిహేనేళ్ళుగా ఇవే చెబుతున్నావు. ఏదో ఒక ఉపాయం చెప్పు.

నీ ఆడపడుచు
ఫెన్‌ష్యా

*

చింగ్‌పో పట్నం
మార్చి 15

ఫెన్‌ష్యా,

అన్నకు తగ్గ చెల్లెలివే. ఇల్లు కాలుతుంటే గానీ బావి తవ్వరు మీ వంశంలో. నాలుగో తరగతికి వరస లెక్కలు నిరుడు సెప్టెంబరులో మొదలుపెట్టాలి తల్లీ, మార్చిలో కాదు. సరే, తిట్లు తర్వాత, ముందు పని.

విందు బల్ల బొమ్మ గీయి. గుణకారం, భాగహారం పెద్దవాళ్ళు. కూడిక, తీసివేత చిన్నవాళ్ళు. పెద్దలు చాప్‌స్టిక్ ముట్టాకే చిన్నలు ముట్టాలి. బ్రాకెట్లో కూర్చున్నవాడు అతిథి, అందరికంటే ముందు వాడికి వడ్డించాలి. ఒకే వరస వాళ్ళు పక్కపక్కన కూర్చుంటే ఎడమ చేతి వాడిది ముందు. ఇది చెబితే మట్టిబుర్రకైనా ఎక్కుతుంది. ముందు చెయ్యాల్సిన దాని కింద గీత గీయమను. సమానం గుర్తులు ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి రావాలి. అవి వంకర పోతే పట్నంలో మార్కులు కోస్తారు.

ఇక అసలు రహస్యం విను. ఇరవై ఐదు, నాలుగు దంపతులు. నూట ఇరవై ఐదు, ఎనిమిది దంపతులు. కలిస్తే వంద, వెయ్యి. 25 × 17 × 4 ఇస్తే పల్లెపిల్లలు చచ్చీ చెడీ గుణిస్తారు, నా పిల్లలు దంపతుల్ని పక్కన కూర్చోబెట్టి పదిహేడు వందలు అనేసి కిటికీలోంచి చూస్తుంటారు. నిద్రలో లేపి అడిగినా చెప్పేలా రుద్దు. సమయం కలిసొస్తుంది, ధైర్యమూ వస్తుంది.

మీ అన్న కడుపునొప్పి తగ్గలేదు. పుల్లటి గంజి నూడుల్స్ తినొద్దని డాక్టరు చెబితే, డాక్టరుది మన ఊరు కాదంటాడు.

గ్వేలియన్

*

షిగోవ్
మార్చి 30

వదినా,

నీ నోట్లో పంచదార పొయ్య. విందు బల్ల బొమ్మ గీశానో లేదో, వెనక బెంచీ వాడు లేచి, "మా ఇంట్లో అమ్మ అందరికంటే చివర తింటుంది, అమ్మ ఏ గుర్తు టీచరమ్మా?" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దంపతుల సంగతి ఇంకా బాగా పట్టింది. ఎర్రకాగితం ముక్కల మీద అంకెలు రాసి మెడలో వేశాను. ఇరవై ఐదు పెళ్ళికొడుకు, నాలుగు పెళ్ళికూతురు. మిగతా అంకెలన్నీ బంధువులు, మధ్యలో అడ్డం పడాలి. నేను విజిల్ వేయగానే ఇద్దరూ అందర్నీ తోసుకుని వచ్చి చెయ్యి పట్టుకోవాలి, తరగతి మొత్తం వంద అని అరవాలి. కొండ అవతల మేకలు కాసేవాళ్ళకి కూడా వినిపిస్తోందట. శింగ్‌హ్వా అయితే నేను బోర్డు మీద రాయడం పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తోంది.

మొన్న బావ్ దేషాన్ కిటికీ బయట చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "పిల్లని పిలవడానికొచ్చాను" అన్నాడు, పిలవకుండానే వెళ్ళిపోయాడు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఈసారి పేపరు పట్నం బడి టీచర్లే తయారు చేస్తున్నారని ఇక్కడ అనుకుంటున్నారు. వాళ్ళెవరో నీకు తెలుసా? పేపరు అడగడం లేదు వదినా, లెక్కలు ఏ మోస్తరులో ఉంటాయో తెలిస్తే ధైర్యంగా ఉంటుందని, అంతే.

ఫెన్‌ష్యా

*

చింగ్‌పో
ఏప్రిల్ 3

ఫెన్‌ష్యా,

సమాధులకు మట్టి పొయ్యడానికి మీ అన్న ఒక్కడే వస్తాడు. నాకు పనులున్నాయి. ఆయనతో ఆవిరి రొట్టెలు పంపుతున్నాను, అత్తయ్య సమాధి దగ్గర రెండు పెట్టి మిగతావి పిల్లలకు పంచు.

పేపరు ఎవరు రాస్తున్నారో నాకేం తెలుసు. ఆ సంగతి నన్ను అడక్కు, ఎవ్వరినీ అడక్కు. బ్రాకెట్లు ఎక్కువగా చేయించు.

గ్వేలియన్

*

షిగోవ్
మే 19

వదినా,

నీ చివరి ఉత్తరం చదివి కోపం వచ్చింది, అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. నేనేం దొంగతనం చేయమన్నానా? అన్నయ్యను అడిగితే, "మీ వదినకి ఈమధ్య సాయంత్రాలు మీటింగులు" అని, వెంటనే దుంపల ధర గురించి మాట్లాడాడు. అన్నయ్యకు అబద్ధం చెప్పడం చేతకాదు, మాట మార్చడం అంతకన్నా చేతకాదు. ఇంట్లో ఏమైనా గొడవా? చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?

సరే. మంచిమాట చెప్పి ముగిస్తాను. హొంగ్‌తాన్ నుంచి వచ్చిన మాదిరి పరీక్షలో మా సగటు అరవై మూడు. తల పైకెత్తి నడుస్తున్నాను. దంపతులే గట్టెక్కించారు. ఇప్పుడు వాళ్ళకి ఇరవై ఐదు, నాలుగు కనబడితే చాలు, మధ్యలో ఏ గుర్తుందో, ఆ ముందేముందో, ఆ వెనకేముందో చూసే పనే లేదు. చెయ్యి దానంతటదే వంద రాసేస్తోంది. నువ్వు నిద్రలో లేపినా చెప్పాలన్నావు. అలాగే అయింది.

శింగ్‌హ్వా రోజూ అడుగుతోంది: "సగటు దాటితే నేను సెప్టెంబరులో ఈ బెంచీలోనే కూర్చుంటాను కదా టీచరమ్మా?" కూర్చుంటావు అని చెప్పాను.

ఫెన్‌ష్యా

*

చింగ్‌పో
జూన్ 12

ఫెన్‌ష్యా,

ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి ఆ పెళ్ళి ఆట ఆపు. ఎర్రకాగితాలు చించెయ్యి. పరీక్ష దాకా ప్రతి లెక్కలోనూ గుర్తులన్నీ నోటితో పైకి చదివించు, ఎడమ చేతివాడిది ముందు అన్న మాట రోజూ గుర్తుచెయ్యి. కింద గీత గీయకుండా ఒక్కరి పెన్సిలూ కదలకూడదు. కొత్తగా ఇంకేమీ నేర్పకు.

ఎందుకని అడక్కు. నీ మే నెల ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు. నా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఇంతకు మించి రాయకూడదు, ఇదీ రాయకూడదు.

చదివి పొయ్యిలో పడెయ్యి.

గ్వేలియన్

*

షిగోవ్
జూన్ 20

వదినగారికి,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. తెరవలేదు. సుద్దముక్కల డబ్బా కింద పెట్టాను. ఎందుకో చెబుతాను.

అది రావడానికి ముందు రోజే హొంగ్‌తాన్‌లో పరీక్ష ఏర్పాట్ల మీటింగు. అందరు పల్లె టీచర్ల ముందూ కోవ్ హెడ్మాస్టరు పళ్ళికిలించి అన్నాడు: "నీకేం ఫెన్‌ష్యా టీచరూ, మీ వదినే పేపరు రాసే జట్టులో ఉంటే. మేమంతా చెమటోడ్చాలి, నీకు టపాలో వస్తుంది." అందరూ నవ్వారు. నేను తెల్లమొహం వేశాను. నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

ఏప్రిల్‌లో నేను నోరు విడిచి అడిగాను. నాకేం తెలుసు అని రాశారు. పేపరు సంగతి చెప్పొద్దు, నాకూ వద్దు. నేను ఆ జట్టులో ఉన్నాను, ఇక ఆ మాట ఎత్తకు అంటే సరిపోయేది కదా? పరాయిదాన్నా నేను? మా అమ్మ పోయినప్పుడు మీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చినదాన్ని.

ఇప్పుడు ఈ ఉత్తరం. లోపల తిట్లుంటే పరీక్ష అయ్యాక తింటాను. సాయముంటే వద్దు. నా పిల్లలు వాళ్ళ చేతులతో నెగ్గాలి. తెరిస్తే వాళ్ళు నెగ్గినా నేను కోవ్ గారి మొహం చూడలేను, వాళ్ళ మొహాలూ చూడలేను. నిన్నటి నుంచి దాన్ని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. అబద్ధం చెప్పడం ఎందుకు.

పరీక్ష ఇరవై ఎనిమిదిన. ఈలోగా ఇంకేమీ రాయకండి.

ఫెన్‌ష్యా

*

షిగోవ్
జూలై 9

వదినగారికి,

సగటు యాభై ఎనిమిదిన్నర.

పరీక్ష రోజు మమ్మల్ని మా పిల్లల గదిలో ఉండనివ్వలేదు. నేను హొంగ్‌తాన్ బడి గేటు దగ్గర నిలబడ్డాను. గంట కొట్టగానే అందరికంటే ముందు శింగ్‌హ్వా పరుగెత్తుకొచ్చింది. మిగతావాళ్ళు దాని వెనకే. మొహాలు వెలిగిపోతున్నాయి. "టీచరమ్మా, టీచరమ్మా, ఒకే లెక్కలో రెండు పెళ్ళిళ్ళు వచ్చాయి" అంది. నాకు అర్థం కాలేదు. నేల మీద పుల్లతో రాసి చూపించింది.

25 × 4 ÷ 25 × 4.

ఇటు ఒక వంద, అటు ఒక వంద, వందను వందతో భాగిస్తే ఒకటి. "అందరికంటే ముందు నేనే రాసి చేతులు కట్టుకు కూర్చున్నాను" అంది. చుట్టూ అందరూ ఒకటి, ఒకటి అని అరుస్తున్నారు. ఎడమ నుంచి వస్తే వందను ఇరవై ఐదుతో భాగించాలి, నాలుగు వస్తుంది, దాన్ని మళ్ళీ నాలుగుతో గుణిస్తే పదహారు. నేను ఆ నేల మీది అంకెల్ని చూస్తూ నిలబడ్డాను. ఆ సంతోషాన్ని ఆ క్షణాన చెరపడానికి నాకు చేతులు రాలేదు. ఐదు మార్కుల లెక్క అది. తరగతిలో ఒక్కరూ పదహారు రాయలేదు.

సరిగా రావాలంటే పాతరోజుల్లోలా జుర్రుకుంటూ పోతే చాలు, వదినగారూ. మేం ఏమీ నేర్పకపోయినా ఆ లెక్క వాళ్ళకు వచ్చి ఉండేది.

ఇంటికొచ్చి మీ ఉత్తరం తెరిచాను. అరపేజీ. ఆట ఆపమని, గుర్తులు చదివించమని. తొమ్మిది రోజులు అది నా సుద్దడబ్బా కింద ఉంది. నేను గొప్ప నిజాయితీపరురాలినని మురుస్తూ పక్కనే నిలబడి పాఠం చెప్పాను. తెరిచి ఉంటే ముగ్గురు ఆడపిల్లలు బడిలో ఉండేవాళ్ళు. మళ్ళీ అలాంటి ఉత్తరం వస్తే తెరుస్తానేమో. ఇలా రాస్తున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఒక్కటి చెప్పండి. ఆ లెక్క రాసింది మీరేనా?

ఫెన్‌ష్యా

*

చింగ్‌పో
జూలై 17

ఫెన్‌ష్యా,

నేనే.

మార్చి చివర జట్టులోకి పిలిచారు. తలా కొన్ని లెక్కలు తెమ్మన్నారు. ఏటా నా తరగతి పిల్లలే ఈ లెక్కలో పడతారు. దంపతుల్ని రుద్దినవాళ్ళే పడతారు, రుద్దనివాళ్ళు పడరు. కళ్ళు తెరిచి చూస్తున్నారా లేదా తేల్చే లెక్క అని గర్వంగా తీసుకెళ్ళాను. "గ్వేలియన్ లెక్కంటే గాలం" అని అందరూ మెచ్చుకున్నారు. అప్పటికి నీ చేత పిల్లలకు దంపతుల ఎర వేయించి రెండు వారాలైంది. ఆ లెక్క రాస్తున్నప్పుడు నీ పిల్లలు నాకు గుర్తు రాలేదు. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అదే నన్ను తినేస్తోంది.

నీ మే ఉత్తరం చదివాక చేసిన తప్పు తెలిసింది. అప్పటికే పేపరు అచ్చుకు వెళ్ళింది. జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళి ఆ లెక్క తీసెయ్యండి అని చెప్పొచ్చు. ఎందుకని అడుగుతారు. మా ఆడపడుచు తరగతి పరీక్ష రాస్తోందని చెప్పాలి. అది మొదట్లోనే చెప్పాల్సింది, చెప్పకుండా జట్టులో కూర్చున్నాను. ఈ ఏడు నాకు సీనియర్ టీచరు హోదా రావాలి. దానికోసం నోరు మూసుకుని, అరపేజీ ఉత్తరంతో పని జరిగిపోతుందనుకున్నాను. నువ్వు తెరవలేదు. మంచిపని చేశావని అనలేను, చెడ్డపని అని అసలే అనలేను. నన్ను నువ్వు 'గారూ' అని పిలవడం మాత్రం ముల్లులా గుచ్చుకుంటోంది.

మొన్న ఆఫీసుకు వెళ్ళి అంతా చెప్పేశాను. హోదా పోయింది. సగటు మాత్రం మారదన్నారు, పేపరు అందరికీ ఒకటే కదా అన్నారు. అదీ నిజమే.

ఇక ఆడపిల్లల సంగతి. హొంగ్‌తాన్ హాస్టల్లో ఆడపిల్లల గదికి ఆడమనిషి లేదని, అక్కడ ఉన్నవాళ్ళంతా మగ మాస్టర్లేనని విన్నాను. అక్కడ లెక్కల టీచరు పోస్టు మూడేళ్ళుగా ఖాళీ. పట్నం నుంచి ఎవరూ పోరు. నేను పోతానని రాసిచ్చాను. మీ అన్న మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు, "నీకు చలికాలం బొగ్గు పొయ్యి ముట్టించడం కూడా రాదు" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

తండ్రులతో మాట్లాడి చూడు. పిల్లల పక్కన నేను పడుకుంటానని చెప్పు.

గ్వేలియన్

*

షిగోవ్
ఆగస్టు 22

వదినా,

ఇద్దరు ఒప్పుకున్నారు. "మీ వదినగారు గదిలోనే ఉంటారా, పక్క గదిలోనా?" అని నాలుగైదు విధాలుగా అడిగారు. గదిలోనే అని ప్రమాణం చేశాను. వెనక్కి పోయావంటే నన్ను ఊళ్ళో బతకనివ్వరు.

బావ్ దేషాన్ ఒప్పుకోలేదు. మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి దుంపలంటాడు, రెండోసారి కొడుకు ఖర్చంటాడు. నిన్న నాకు సహనం చచ్చి, "ఏమయ్యా, కిటికీ బయట నిలబడి దాని జవాబులు వింటూ మురిసిపోయిన మనిషివి నువ్వు కాదా?" అని అడిగేశాను.

"పట్నం టీచరమ్మ ఎన్నాళ్ళుంటుంది? చలి కొడితే బస్సెక్కి పోతుంది. అప్పుడు నా బిడ్డ పక్కన ఎవరుంటారు, మీరుంటారా?" అన్నాడు. తలుపు వేసుకున్నాడు.

శింగ్‌హ్వా దారి వరకూ వెంట వచ్చింది. "టీచరమ్మా, దానికి ఒకటి కాదట, పదహారట కదా. అందరికంటే ముందు రాసింది నేను. నన్ను చూసి వెనకవాళ్ళు రాశారు. తరగతి నా వల్లే పోయిందా?" అంది.

నీ వల్ల కాదే, మా పెద్దవాళ్ళ వల్ల, అన్నాను. నమ్మలేదు వదినా. పిల్ల మొహం చూస్తే తెలుస్తుంది కదా. ఇన్నాళ్ళూ ఇది అడగడానికే దాచుకుందని అర్థమై, దారిలో కూర్చుని ఏడ్చాను.

నీ మీద కోపం పోయిందని చెప్పను. కొంచెం ఉంది. అయినా రా. నీకు బొగ్గు పొయ్యి ముట్టించడం నేను నేర్పుతాను.

ఫెన్‌ష్యా

*

హొంగ్‌తాన్ మండల బడి
సెప్టెంబరు 11

ఫెన్‌ష్యా,

బడి తెరిచి వారం దాటింది. నీ ఇద్దరు పిల్లలు మొదటి రోజే వచ్చారు. గదిలో పిల్లలు పడుకునే మట్టి అరుగు మీద మూడో పరుపు చోటు ఖాళీగా ఉంచాను. దాన్ని వేరే ఊరి పిల్లకు ఇవ్వమని కోవ్ గారు రెండుసార్లు చెప్పారు. వినపడనట్టు ఊరుకున్నాను.

నిన్న మధ్యాహ్నం వాన. లెక్కల పీరియడ్ సగంలో గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద, వీపున చుట్టిన పరుపు, చేతిలో దుంపల సంచి. వెనకాల పిల్ల. ఎవరని అడగక్కర్లేకపోయింది.

నాకు నమస్కారం లేదు. "గది ఎక్కడ?" అన్నాడు. తీసుకెళ్ళాను. పరుపు దించలేదు. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ పట్టి ఊపాడు. తర్వాత శింగ్‌హ్వాని, నన్ను లోపల నిలబెట్టి, "గడియ వెయ్యండి" అని తాను బయటకు వెళ్ళాడు. వేశాను. బయట నుంచి భుజంతో తోశాడు. వెనక్కి పోయి మళ్ళీ వచ్చి తోశాడు. ఆ తలుపు, గోడ, నేను, పిల్ల, అందరం అదిరాం. ఇంకోసారి తోశాడు. ఈసారి ఎంత గట్టిగానంటే మట్టి రాలింది. గడియ ఊడలేదు.

దుంపలని, ఖర్చని ఇన్నాళ్ళూ ఆయన చెప్పిందంతా ఈ తలుపు గురించన్నమాట. ఆ నోటితో చెప్పలేకపోయాడు.

తలుపు తీశాను. భుజం పట్టుకుని నిలబడ్డాడు. "నిలుస్తుంది" అన్నాడు. నా వైపు కాదు, గడియ వైపు చూస్తూ. పరుపు దించి అరుగు మీద పరిచాడు, మూలలు సరిచేశాడు, దుంపల సంచి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. మంచినీళ్ళు తాగమంటే వద్దన్నాడు. వానలోనే వెనక్కి వెళ్ళిపోయాడు. పిల్ల ఏడవలేదు. ఆయన వాగు దిగి కనబడకుండా పోయేదాకా కిటికీ ఊచలు పట్టుకుని చూసింది, తర్వాత తరగతికి వచ్చి కూర్చుంది.

నేను నా మంచం తలుపుకు అడ్డంగా వేయించుకున్నాను. చలి రానీ, చూద్దాం.

గ్వేలియన్